పదకొండో గడి

క్లిక్ చేస్తే ఏమీ కాలేదు. ఇంకోసారి చేసింది. తెర మీద బాణం బాణంలాగే ఉండిపోయింది తప్ప, ఇక్కడ రాసుకోవచ్చు అని చెప్పే ఆ సన్నటి నిలువు గీత మెరవలేదు. మెరవదని ఝాన్సీలక్ష్మికి ముందే తెలుసు. కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో జిరాక్సూ ఆన్‌లైనూ అని బోర్డు పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ పింఛన్లూ రేషన్ కార్డులూ పిల్లల హాల్ టిక్కెట్లూ అన్నీ తన చేతి మీదుగా నడిపిస్తున్న మనిషి, ఫారం మొహం చూడగానే చెప్పెయ్యగలదు అది రాయనిచ్చే రకమో రాయనివ్వని రకమో. ఇది రాయనివ్వని రకం. ఎవరో మహానుభావుడు జిరాక్సుకి జిరాక్సు తీసి, దాన్ని స్కానరు మీద వంకరగా పడేసి, ఆ వంకర సరిచేసే ఓపిక లేక అలాగే పీడీఎఫ్ చేసి వదిలేశాడు. గీతలన్నీ ఎడమవైపుకి దిగజారుతున్నాయి. మూలన స్టేప్లర్ పిన్ను నీడ కూడా పడింది. చూడ్డానికి ఫారంలా ఉంది కానీ ఇది ఫారం కాదు, ఫారానికి తీసిన ఫోటో. ఫోటోలో ఉన్న మనిషికి అన్నం పెట్టగలమా? అయినా మళ్ళీ క్లిక్ చేసింది, ఊరికే. తాళం వేసుందని తెలిసీ తలుపు ఒకసారి తోసి చూస్తామే, అలాగ.

విశాఖపట్నం ఆసుపత్రి వాళ్ళు నిన్న దీన్ని వాట్సాప్‌లో పంపించారు. కింద ఒక మెసేజీ. చేతిరాత చెల్లదు, టైపు చేసి ప్రింటు తీసి, దాత సంతకం, దాత భర్త సంతకం పెట్టించి అసలు కాగితం తెచ్చి ఇవ్వాలి, ఎల్లుండి, అంటే రేపటికి, కమిటీ కూర్చుంటుంది. రేపు తప్పితే మళ్ళీ ఎప్పుడు కూర్చుంటుందో ఆ పంపినావిడకే తెలీదట. ఈ పూట రైలు బండికి కాగితాలు పట్టుకుని నిరంజన్ వెళ్ళాలి. నిరంజన్ ఝాన్సీ భర్త, పలాస స్టేషను బయట ఆటో తిప్పుతాడు. ఎవరికోసం ఈ తతంగమంతా జరుగుతోందో ఆ మనిషి, ఆమె అన్న పోలారావు, ఇక్కడికి కూతవేటు దూరంలో డయాలసిస్ మంచం మీద పడుకుని ఉన్నాడు. మిషనులోంచి రక్తం కడిగించుకుని మళ్ళీ ఒంట్లోకి ఎక్కించుకుంటున్నాడు. ఇలా ఇంకెన్నాళ్ళో ఈడ్చలేమని డాక్టర్లు చెప్పారు. ఝాన్సీ కిడ్నీ సరిపోయింది. ఇస్తానంది. ఇంక మిగిలింది ఈ ఫారమే. షట్టరు సగానికి దించేసి, ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చుంది. సగం షట్టరు కింద నుంచి ఎండా, జీడి ఫ్యాక్టరీల పొగ వాసనా కలిసి లోపలికి వస్తున్నాయి.

రాయనివ్వకపోతే పైన అతికించాలి. అంతే. ఫారాన్ని బొమ్మలా తెచ్చి వర్డులో పరిచి, ఒక్కో గడి మీదా ఒక్కో టెక్స్ట్ బాక్సు గీసి, దానికి రంగు లేకుండా చేసి, అంచు లేకుండా చేసి, లోపల అక్షరాలు కొట్టి, చుక్కల గీత మీద సరిగ్గా కూర్చునేదాకా బాణం మీటతో ఇంచీలో వందో వంతు, వందో వంతు జరుపుకుంటూ పోవాలి. గీత వంకర కాబట్టి అక్షరాలు తిన్నగా ఉంటే వంకరగా కనపడతాయి, వంకరగా పెడితేనే తిన్నగా కనపడతాయి. ఇదో చోద్యం. దాత పేరు. ఝాన్సీలక్ష్మి అని కొట్టి కాసేపు ఆ పై మాట చూస్తూ ఉండిపోయింది. దాత! గుడి గోడల మీద పాలరాతి పలకల్లో ఉంటారు దాతలు, ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకుంటారు. తను ఎప్పుడూ ఎవరికీ ఏమీ దానం చేసి ఎరగదు, పుష్కరాల్లో కూడా బేరమాడిన మనిషి. తండ్రి పేరు కూర్మయ్య, లేటు. లేటుకి బ్రాకెట్ పెట్టాలా చుక్క పెట్టాలా అని తటపటాయించి చుక్క పెట్టింది. నాన్న కూడా ఇదే రోగంతో పోయాడు. అప్పట్లో దీనికి పేరు కూడా సరిగ్గా తెలీదు, కాళ్ళు వాచాయి, మొహం వాచింది, పసర్లు తాగాడు, బరంపురం తీసుకెళ్ళారు, తీసుకొచ్చేశారు. ఈ ఉద్దానం ఊళ్ళల్లో ఏ ఇంటికెళ్ళినా ఒక ఫోటోకి దండ ఉంటుంది, ఏం జబ్బు అని ఎవరూ అడగరు.

గ్రహీతతో బంధుత్వము. చెల్లెలు. మూడక్షరాల మాటకి అంత పొడుగు గీత ఇచ్చారు, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీని చూస్తుంటే ఎందుకో మధ్యాహ్నపు ఇసక గుర్తొచ్చింది. తోటకి నాన్నకి అన్నం పట్టికెళ్ళే రోజుల్లో, చెప్పుల్లేని కాళ్ళు, దారంతా ఇసక, ఆ ఇసక వేసవిలో పెనమే. అన్న దారి పక్క జీడాకులు గుప్పెళ్ళతో కోసి ముందు పరిచేవాడు. తను దాని మీద కాలేసి నిలబడితే, వెనక ఆకులు తీసి మళ్ళీ ముందు వేసేవాడు. అలా ఆకుల మీద ఆకుల మీద, కిలోమీటరు దారి ఒక జాము పట్టేది. నాన్న తిట్టేవాడు, అన్నం చల్లారిపోయిందిరా అని. అన్న కాళ్ళు మాత్రం ఇసక మీదే. కాలట్లేదా అని తను ఎప్పుడూ అడగలేదు. చిన్నపిల్ల, ఏం తెలుసు. ఇప్పుడు ఆ కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. రాణి వదిన పెద్ద సైజు రబ్బరు చెప్పులు కొని, వాటి పట్టీలు కూడా కోసి వదులు చేసింది. చూసినప్పుడు ఏడుపొచ్చింది. మరి ఏడుపొచ్చింది కదా, ప్రేమ ఉంది కదా, ఇంకెందుకు ఈ చిరాకు? ఎందుకంటే పదకొండో గడి ఉంది కాబట్టి. నిన్నటినుంచీ దాన్ని దాటేసి దాటేసి వెళ్తోంది, వీధిలో అప్పులవాణ్ణి చూసి సందు మార్చుకున్నట్టు.

పదకొండు. దాతకు గ్రహీత నుండి గాని, గ్రహీత కుటుంబము నుండి గాని, గత రెండు సంవత్సరములలో ధనము, ఆస్తి, బహుమతి ఏదైనను సంక్రమించినదా? అవును, కాదు. అవును అయినచో వివరము. వివరానికి ఇచ్చింది అర గీత.

సంక్రమించింది. ఇత్తడి పళ్ళెంలో పసుపూ కుంకుమా, కొబ్బరికాయ, అరటిపళ్ళు, ముదురాకుపచ్చ చీర, ఆ చీర మీద రిజిస్ట్రేషను కాగితం, దాని నాలుగు మూలలా పసుపు బొట్లు. కిందటి నెల అన్నా వదినా ఆటో దిగి సందులో అందరూ చూస్తుండగా పట్టుకొచ్చారు. అన్న రెండడుగులు వేసి ఆగుతూ ఆయాసపడుతున్నాడు, అయినా పళ్ళెం వదినకివ్వలేదు, తనే పట్టుకున్నాడు. పడమటి తోట నీ పేర రాయించీసినాను, పసుపు కుంకుమ కింద, అన్నాడు. వద్దనడానికి లేదు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ పేరెత్తి ఇచ్చినదాన్ని ఏ ఆడపడుచైనా వద్దంటుందా, నోట్లో ఆ మాట రానిస్తుందా? కొంగు పట్టింది. పక్కింటి సుభద్ర పిన్ని కళ్ళొత్తుకుంది. తనకి ఎంత సంతోషం వేసిందో! అది గుర్తొస్తేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. పిచ్చిదానిలా సంతోషపడింది, ఆ రోజంతా కాగితం తీసి చూసుకుంది, హద్దులు చదువుకుంది, తూర్పు ఫలానా, పడమర ఫలానా. ఆ మర్నాడు పళ్ళు తోముకుంటుంటే, ఎవరూ చెప్పకుండానే, లెక్క దానంతటదే అర్థమైంది. తను ఇస్తానంది. అన్న తోట ఇచ్చాడు.

కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమంది, బ్యాటరీ మార్చాలని నిరంజన్‌కి చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది, అది కుయ్యిమని కన్ను మూసేసింది. తెర నల్లబడింది. సేవ్ చేశానా? చేయలేదు. నల్లటి తెరలో తన మొహం కనిపించింది, నుదుటిమీద చెమటకి బొట్టు కారి ఉంది. అందరికీ చెప్తుంది, గంటకి పదిసార్లు చెప్తుంది, ఏమ్మా సేవ్ చేసుకున్నావా, ఏం బాబూ సేవ్ చేసుకున్నావా అని. ఫ్యాను నిదానంగా ఆగింది. చీకట్లో కాదు, పట్టపగలు, ఎండ వెలుగులో అలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఈ నెలల్లో ఎన్నిసార్లు ఇలా కూర్చుంది! విశాఖ ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో, మూత్రం సీసా చేతిలో పట్టుకుని, టోకెను చేతిలో పట్టుకుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని. రక్తం తీశారు, స్కానింగులు తీశారు, గుండె చూశారు, ఒకావిడ ఎదురుగా కూర్చోబెట్టుకుని మీకు నిద్ర పడుతుందా అమ్మా అని అడిగింది. పడుతుందండీ అంది. అబద్ధం కాదు, బండిలో తిరిగొచ్చేటప్పుడు హరిశ్చంద్రపురం స్టేషను దాటిందో లేదో తెలిసేది కాదు, అంత నిద్ర. ఇంటికొస్తే సందులో వాళ్ళు, నువ్వు మనిషివి కాదమ్మా దేవతవి. దేవతకి కూడా బియ్యం ఏరుకోవాలి, గిన్నెలు తోముకోవాలి. కూతురు భవ్యశ్రీ ఒక్కతే ఏ మాటా అనలేదు, యూట్యూబులో ఆపరేషను వీడియో చూసి రెండ్రోజులు అన్నం తినలేదు.

ఫోను మోగింది. నిరంజన్.

"అయిపోనాదేటి?"

"కరెంటు పోయింది. మొత్తం పోయింది. మళ్ళీ మొదలెట్టాల."

"బండి టైముకి అవుద్దా?"

"అవుద్ది. అది కాదు గానీ, ఆ పదకొండోది ఏటి రాయమంటావు?"

ఫోనులో అతని వెనక ఎవరో సోంపేట సోంపేట అని అరుస్తున్నారు, అంటే అన్నానికి కూడా వెళ్ళలేదు, ఇంకా స్టేషను దగ్గరే ఉన్నాడు. "నేదని పెట్టీ. ఎవుడు సూత్తాడు? ఆల్లు వచ్చి మన రిజిస్ట్రేషనాఫీసులో ఎతుకుతారేటి?"

"కింద నా సంతకం ఉంటాది. అబద్దమని తేల్తే శిచ్చ అని రాసుంది."

"అయితే అవునని పెట్టి, అంతా ఇక్కడితో ఆపీ" అన్నాడు. కోపంగా అనలేదు. ఆశగా అన్నాడేమో అనిపించింది. మొదటినుంచీ నీ ఇష్టం నీ ఇష్టం అంటున్నాడు తప్ప వద్దనలేదు, సరే అనీ అనలేదు. భార్యని కోత కోయడానికి సంతకం పెట్టమంటే ఏ మొగుడికైనా చెయ్యి ఆడుతుందా? తర్వాత మళ్ళీ అతనే, "ఏదోటి రాసీ. వచ్చి సంతకం పెడతాను" అని పెట్టేశాడు.

కరెంటు వచ్చింది. ఫ్యాను కిర్రుమని తిరగడం మొదలెట్టింది. మళ్ళీ బొమ్మ పరిచింది, మళ్ళీ గడి గీసింది, మళ్ళీ ఝాన్సీలక్ష్మి, మళ్ళీ కూర్మయ్య లేటు, ఈసారి చుక్క కూడా ఆలోచించకుండా పడింది. ప్రతి గడికీ సేవ్ నొక్కుతోంది. షట్టరు కింద రెండు కాళ్ళు వచ్చి ఆగాయి, పగిలిన మడమలు, వెండి కడియాలు. "అమ్మా, ఏలి ముద్ర పడతాదేటి సూత్తావా?" ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే మనిషి అయి ఉంటుంది, వాళ్ళ వేళ్ళు జీడి రసానికి కాలి కాలి గీతలు ఉండవు, మిషను వాళ్ళని మనుషులుగా గుర్తించదు. అమ్మ వేళ్ళు కూడా అంతే. వరహాలమ్మ అనే ఆవిడ బతికే ఉందని ఒప్పించడానికి ఏటా ఎంత యాతన! నిమ్మకాయ రుద్ది, నూనె రాసి, పది వేళ్ళూ పెట్టించి, ఏదో ఒక వేలు దయతలిస్తే పింఛను. "ఓ గంట పోయాక రా అమ్మా" అంది. కడియాలు వెళ్ళిపోయాయి.

అమ్మకి తెలుసు తోట సంగతి. అమ్మకే కాదు, ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఝాన్సీ పెళ్ళిలో, పెద్దమనుషుల ఎదురుగా, నాన్న పడమటి తోట నా కూతురికి పసుపు కుంకుమ కింద ఇస్తున్నాను అని నోటితో అన్నాడు. కాగితం తర్వాత చూసుకుందాం అన్నారు. నాన్న మంచాన పడ్డాడు, తర్వాత రాలేదు. నాన్న పోయాక తోట అన్న చేతికింద ఉండిపోయింది. భవ్యశ్రీ బారసాల నాడు తను ఒకసారి, ఒక్కసారే, నవ్వుతూ అడిగింది, అన్నా నా తోటలో పిక్కలు ఎన్ని బస్తాలయ్యాయి అని. అన్న నవ్వి తల దించుకున్నాడు. వదిన మాత్రం, నీళ్ళు పోసేది ఒకరూ పిక్కలడిగేది ఒకరూ అని చిన్నగా అంది, వినబడేంత చిన్నగా. అంతే. ఆ తర్వాత ఝాన్సీ ఆ మాట ఎత్తలేదు, పుట్టింటికి వెళ్ళడం కూడా తగ్గించేసింది. కంచిలి వైపు బస్సు చూస్తే మొహం తిప్పుకునేది. తిత్లీ తుఫానుకి ఆ తోటంతా వేళ్ళతో సహా పడిపోయిందని విన్నప్పుడు, ఇది ఎవరికీ చెప్పుకోలేని మాట, లోపల ఎక్కడో కొంచెం హాయిగా అనిపించింది. నాకు లేనిది నీకూ లేదు. అలా అనుకున్నందుకు ఆ రాత్రంతా దేవుడి దగ్గర లెంపలేసుకుంది. పడిన చెట్లన్నీ కోయించి, గోతులు తవ్వి, అంటు మొక్కలు తెచ్చి మళ్ళీ పాతింది అన్నే. అప్పటికే ఒంట్లో నలతగా ఉండేదట, ఎవరికీ చెప్పలేదట. ఆ మొక్కలే ఇప్పుడు చెట్లయ్యి కాస్తున్నాయి, ఆ కాపుతో సహా ఇప్పుడు ఝాన్సీ పేర ఉన్నాయి.

అదే మింగుడు పడటం లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడిచ్చినా పుచ్చుకునేది. బారసాలకి ఇచ్చి ఉంటే ఎగిరి గంతేసేది. తుఫాను పడ్డాక బోడి నేల ఇచ్చినా కళ్ళకద్దుకునేది. ఇప్పుడే ఎందుకు? డాక్టరు కిడ్నీ సరిపోయింది అన్నాక ఎందుకు? తను ఇస్తానన్నది తోట కోసం కాదు, అప్పటికి తోట ఆలోచన కూడా లేదు, డాక్టరు అడగడం తను తల ఊపడం రెండూ ఒకేసారి జరిగిపోయాయి. అది మాత్రం స్వచ్ఛమైన మాట. దాన్ని తీసుకెళ్ళి అన్న తక్కెట్లో పెట్టేశాడు. ఆడపడుచు సొమ్ము ఊరికే తింటే అరగదని వాళ్ళ నమ్మకం, ఉంటే ఉండొచ్చు, పరువు గల మనిషి, చెల్లెలి దగ్గర ఊరికే చెయ్యి చాపలేడు. కానీ అలా చేసి తన మాటకి ధర కట్టేశాడే! ఇప్పుడు కాదు అని రాస్తే దొంగ. అవును అని రాస్తే కిడ్నీ అమ్ముకున్న మనిషి. తోట తిరగరాసి ఇచ్చేస్తే అన్న తలెత్తుకోలేడు, నీ కిడ్నీ నాకొద్దనైనా అంటాడు. ఎటు తిరిగినా గోడే. ఎంత అలసటగా ఉందంటే, కమిటీవాళ్ళే వద్దని చెప్పేస్తే బాగుణ్ణని కూడా ఒక్క క్షణం అనిపించింది. అనుకుని ఉలిక్కిపడింది. అన్న చచ్చిపోతే బాగుణ్ణని అనుకోవడమే కదా అది.

పది గడులు నిండాయి. పన్నెండు నిండింది, పదమూడు నిండింది. ఇష్టపూర్వకముగా ఇచ్చుచున్నాను అన్న చోట టిక్కు గుర్తు దొరకక, వేరే ఫాంటులోంచి వెతికి తెచ్చి అతికించింది. అది గడిలో కూర్చోకుండా పక్కకి జారిపోతోంది. జరిపింది, జారింది. జరిపింది. పేజీ అంతా నిండుగా ఉంది, మధ్యలో పన్ను ఊడిన చోటులా పదకొండు ఒక్కటే ఖాళీ. ఎవరినైనా అడగాలి. లాయర్నా? సుభద్ర పిన్నినా? అడగవలసిన మనిషిని ఒక్కణ్ణే ఇంతవరకూ అడగలేదని అప్పుడు తట్టింది. ఫోను తీసింది. మంచం మీద ఒక చేతికి సూదులుంటాయి, ఇంకో చెయ్యి ఖాళీయే. ఎత్తుతాడు.

"ఏటే? అయిపోనాదా?" అన్న గొంతు మిషను మీద ఉన్నప్పుడు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, నోరెండిపోయినట్టు.

"ఒకటుండిపోయింది." చదివింది. ధనము, ఆస్తి, బహుమతి. చదువుతుంటే తన గొంతే తనకి గుమాస్తా గొంతులా వినిపించింది.

అటునుంచి మిషను టింగుటింగుమంటోంది. నర్సు ఎవరితోనో మాట్లాడుతోంది. "మరి, నేదని రాసీ" అన్నాడు.

"ఉంది గదన్నా."

"అయితే ఉందని రాసీ."

"ఉందంటే అమ్ముకున్నానంటారు." గొంతు పెరిగింది, ఆపుకోలేకపోయింది. "ఎందుకిచ్చేవన్నా? నాను అడిగేనా? ఇన్నేల్లు నేంది ఇప్పుడెందుకిచ్చేవు? నా కిడ్నీకి బదులా?"

అన్న మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా అనుకుంటా, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని అన్నాడు.

"కాదే. నాను ఉంటానేటి? మా వార్డులో నాతో మొదలెట్టినోల్లు ఎవులూ నేరు. నాను పోతే నీకు ఎవుడిత్తాడు ఆ తోట? నాన్న నోటితో అన్న మాట, ఇన్నోల్లు ఉన్నా కాయితం నేదు. నా పిల్లలికి ఆ సంగతే తెల్దు. మీ వదినికి తెల్సు గానీ, అది ఇవ్వదు. నాతోటే పోద్ది ఆ మాట. అందుకని రాయించీసినాను."

"మరి నా కిడ్నీ?"

"నువ్విత్తానన్నావు. వద్దంటే నీ మనసు కష్టపడుద్దని ఊరుకున్నాను. అది పెట్టేదాకా నానుంటానని నాకు నమ్మకం నేదే, ఝాన్సీ." మళ్ళీ మిషను చప్పుడు. "ఆ తోట మాత్రం మల్లీ నాకు రాసియ్యకు. అది నీది. మొదట్నుంచీ నీదే."

"ఏటైనా తిన్నావా?" అంది.

"రెండిడ్లీ తిన్నాను. నువ్వు తిన్నావేటి?"

"తింటాను" అంది. పెట్టేసింది.

పెట్టేశాక చేతిలో ఫోను అలాగే ఉంది. ఆ రోజు పళ్ళెం పట్టుకుని రెండడుగులకోసారి ఆగుతూ వచ్చింది బేరానికి వచ్చిన మనిషి కాదు. వీలునామా పట్టుకొచ్చిన మనిషి. పసుపు బొట్లు పెట్టి, కొత్త చీర మీద పెట్టి, నవ్వు మొహం పెట్టుకుని తన చావుని తనే మోసుకొచ్చి చెల్లెలి కొంగులో వేశాడు. తను నెల రోజులుగా దాన్ని తక్కెట్లో వేసి తూస్తోంది. వదిన పక్కనే నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అప్పుడు ఏడుపుగొట్టు మొహం అనుకుంది. వదినకీ తెలుసేమో, అన్న ఎందుకు రాయిస్తున్నాడో. తెలిసే సంతకం పెట్టిందేమో. అయ్యో, అయ్యో, అని పైకే అంది ఝాన్సీ, ఖాళీ షాపులో. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కీబోర్డు తడవకుండా పక్కకి తిరిగి ఏడ్చింది, అంత అలవాటు.

మొహం కడుక్కొచ్చి కూర్చుని, పదకొండులో అవును మీద టిక్కు అతికించింది. వివరము అన్న అర గీత మీద బాక్సు గీసింది. పడమటి తోట, జీడిమామిడి, మా నాన్న పెళ్ళిలో ఇస్తానన్నది, అని మొదలుపెట్టేసరికే గీత అయిపోయింది. చెరిపింది. దస్తావేజు నంబరు, తేదీ, అని ఆఫీసు భాషలో కొట్టింది. అదీ చెరిపింది. అక్షరాల సైజు తగ్గించింది, ఇంకా తగ్గించింది. తర్వాత, ఇలా రాయొచ్చో లేదో ఆలోచించకుండా, ఒక్క ఊపులో కొట్టేసింది. పసుపు కుంకుమ కింద జీడితోట. మా అన్న తను చచ్చిపోతాననుకుని ఇచ్చాడు. నేను మా అన్న బతుకుతాడనుకుని ఇస్తున్నాను. అర గీతలో చీమల్లాంటి అక్షరాలతో రెండు వరసలుగా పట్టింది. ప్రింటు తీసి, దాత అన్న చోట సంతకం పెట్టింది.

నిరంజన్ షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చేసరికి కాగితం ఇంకా వెచ్చగా ఉంది. తీసుకుని వెలుగులోకి వెళ్ళి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. పదకొండు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు.

"ఫారాల్లో ఇలాగ రాత్తారేటి?"

"ఉన్నది ఇదే."

"కమిటీవోల్లు వద్దంటే?"

"వద్దంటే నానే ఎల్తాను. ఎదురుగా కూకోని సెప్తాను. అప్పుడూ వద్దంటే మల్లీ రాత్తాను."

అతను కాగితాన్ని జిరాక్సు మిషను మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి, దాత భర్త అన్న చోట పేరు మొత్తం కూడబలుక్కుంటూ రాశాడు. పెన్ను మూత పెడుతూ, ఇన్ని నెలల్లో ఎప్పుడూ అడగనిది అడిగాడు.

"భయమేత్తందేటే?"

నిన్న అడిగి ఉంటే లేదనేది. నిన్నటిదాకా కోపం తప్ప ఇంకేమీ లేదు.

"ఇప్పుడేత్తంది" అంది ఝాన్సీలక్ష్మి.